కాటా మీద నిలబెట్టి కబడ్డీకి ఎంపిక చేస్తే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో కాలేజీ కబడ్డీ సెలక్షన్స్ గురించి చిన్న వార్త వచ్చింది. ఆసక్తి ఉన్న కుర్రాళ్ళు వయసు సర్టిఫికెట్టు, రెండు ఫొటోలు, ఆధార్ జెరాక్సు పట్టుకుని పొద్దున్న ఆరింటికల్లా గ్రౌండుకి రావాలి, బరువు చూస్తారు, తర్వాత ఆడించి చూస్తారు అని ఉంది. అంతే. నేను విశాఖలో ముప్పై ఏళ్ళ పైన ఫిజికల్ డైరెక్టర్‌గా చేసి రిటైరయ్యేను, నేను కూడా అచ్చం ఇలాగే సెలక్షన్స్ పెట్టేను, అందుకే ఆ వార్త చదివేక ఊరుకోలేకపోయేను. స్కూల్లో బాగా ఆడిన కుర్రాడి ఒళ్ళు కాలేజీ ఆటకి తయారైందా లేదా అన్నది కాటా చెప్పదు, పది నిమిషాల ఆటా చెప్పదు. ఈ సంగతి నాకు రిటైరయ్యేక, అదీ వేరే దేశంలో వేరే ఆట చూసేక పూర్తిగా తెలిసింది. స్కూళ్ళలో ఆటలు నేర్పే పీఈటీలు, కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టర్లు అంటే పీడీలు, పిల్లల్ని ఆటకి పంపే అమ్మానాన్నలు చదువుతారని రాస్తున్నాను.

మా అమ్మాయి వాళ్ళు హ్యూస్టన్ దగ్గర ఉంటారు. మనవడికి అప్పటికి 17 ఏళ్ళు, హైస్కూల్లో ఆఖరి సంవత్సరానికి వస్తున్నాడు, అక్కడి ఫుట్‌బాల్ ఆడతాడు, అంటే మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఒకళ్ళనొకళ్ళు గుద్దుకునే ఆట. అందులో వీడు లైన్‌మన్. జట్టుకి 11 మంది, బంతి ఉన్న జట్టులో ముందు వరసలో ఐదుగురు వంగి నిలబడతారు, మధ్యలో సెంటరు, వాడికి అటూ ఇటూ గార్డులు, చివర్లో టాకిల్స్. బంతి విసిరే కుర్రాడి మీదికి ఎవ్వర్నీ రానివ్వకుండా ఆపడం, బంతి పట్టుకుని పరిగెత్తేవాడికి దారి తియ్యడం వీళ్ళ పని. సెంటర్ తప్ప మిగతావాళ్ళు బంతిని ముట్టుకోవడమే అరుదు. మన కబడ్డీలో రైడుకొచ్చినవాణ్ణి పట్టే కవర్లూ కార్నర్లూ ఎలాగో అలాగన్నమాట, పాయింట్లు ఎక్కువగా రైడర్ ఖాతాలో పడతాయి గానీ వీళ్ళు లేకపోతే జట్టు నిలబడదు.

మా వాడు ఆరడుగుల రెండంగుళాలు, 118 కిలోలు. నేను చూసి ఇంకేం కావాల్రా కొండలాగ ఉన్నావు, ఏ కాలేజీ అయినా కళ్ళకద్దుకుని తీసుకుంటుంది అన్నాను. వేసవిలో ఒక కాలేజీ వాళ్ళు క్యాంపు పెడితే వాడితోపాటు నేనూ వెళ్ళి ఎండలో పొద్దంతా నిలబడి చూసేను.

ముందు బూట్లు విప్పించి ఎత్తు కొలిచేరు. చెయ్యి చాపించి భుజం దగ్గర్నుంచి వేలి చివరిదాకా టేపు పెట్టేరు, చెయ్యి పొడుగున్నవాడు ఎదుటివాణ్ణి తన ఒంటి మీదికి రాకముందే ఆపగలడు గదా. తర్వాత 40 గజాల పరుగు, అంటే 36 మీటర్లకి కాస్త పైన. కానీ లైన్‌మన్ల దగ్గర వాళ్ళు పట్టి పట్టి చూసేది మొదటి 10 గజాల టైము, ఎందుకంటే మ్యాచ్‌లో వాడు 40 గజాలు పరిగెత్తే అవసరం ఎప్పుడో గానీ రాదు, కదిలిన మొదటి రెండు మూడు అడుగుల్లోనే వాడి పని తేలిపోవాలి. ఆ తర్వాత ఐదు గజాలు ఒక పక్కకి, పది గజాలు ఇంకో పక్కకి, మళ్ళీ ఐదు గజాలు వెనక్కొచ్చి మధ్య గీత దాటే షటిల్ పరుగు, అది దిశ మార్చేటప్పుడు తుంటి ఎంత కిందికి దిగుతుందో చూడ్డానికి. నిలబడ్డచోట నుంచి లాంగ్‌జంప్. ప్రతిదీ ఒక కుర్రాడు పలకలాంటి అట్ట మీద కాగితం పెట్టి రాసుకుంటున్నాడు.

ఇవన్నీ అయ్యేక, ఎక్సర్‌సైజులు చేయించే కోచ్ ఒకాయన చీపురు కర్ర ఒకటి తెచ్చేడు. దాన్ని రెండు చేతుల్తో తలపైకి ఎత్తి పట్టుకుని, గుంజీలు తీసేటప్పుడు కూర్చున్నట్టు పూర్తిగా కిందికి దిగమన్నాడు. మా వాడు సగం దిగేసరికి మడమలు నేల మీంచి లేచిపోయేయి, కర్ర ముందుకి వాలిపోయింది, ఎడమ మోకాలు లోపలికి తిరిగింది. ఆయన ఏమీ అనలేదు. రెండు మడమల కిందా చిన్న ఇనప బిళ్ళలు పెట్టి మళ్ళీ దిగమన్నాడు, ఈసారి వాడు చక్కగా పీట మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. అంటే తుంటిలో ఇబ్బంది లేదు, చీలమండ బిగుసుకుపోయి ఉంది, అందుకే వంగలేకపోతున్నాడు, వంగలేకే మ్యాచ్‌లో నిటారుగా లేచిపోయి దెబ్బ తింటున్నాడు అని ఆయన తేల్చేడు. ఒక చీపురు కర్ర, రెండు బిళ్ళలు, రెండు నిమిషాల పని. నేను ముప్పై ఏళ్ళలో ఒక్క పిల్లాడి చీలమండ చూడలేదు, ఆ మాట రాయడానికి నాకు బాధగానే ఉంది.

చివరికి వాళ్ళు చెప్పిందేటంటే, కుర్రాడు పనికొస్తాడు, కానీ కాలేజీకి వచ్చేక మొదటి ఏడాది మ్యాచ్‌ల్లో దింపం, ప్రాక్టీసు చేయిస్తాం, ఒళ్ళు కట్టిస్తాం అని. దాన్ని రెడ్ షర్ట్ అంటారట. లైన్‌మన్లలో చాలామందికి ఇదే చేస్తారు. ఎందుకంటే స్కూల్లో వీడు సాటి పిల్లల మీద బరువుతో నెగ్గుకొచ్చేస్తాడు, కాలేజీలో ఎదురుగా నిలబడేవాడు 22 ఏళ్ళవాడు, వాడూ అంతే బరువుంటాడు, పైగా నాలుగేళ్ళుగా ఇనుము ఎత్తి ఎత్తి ఉంటాడు. వెనక్కి పెట్టడం అవమానం అని అక్కడ ఎవరూ అనుకోరు, మా అల్లుడు గారు కూడా హమ్మయ్య అనే అన్నారు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. యూనివర్సిటీల మధ్య జరిగే పోటీల్లో 17 నుంచి 25 ఏళ్ళ వరకూ ఆడొచ్చు. అంటే ఇంటర్ పాసై నిన్నగాక మొన్న డిగ్రీలో చేరిన కుర్రాడు, పీజీ చేస్తున్న పాతికేళ్ళవాడి తొడ పట్టుకుని ఆపాలి. కబడ్డీలో 16 ఏళ్ళ లోపు సబ్ జూనియర్స్‌కి, 20 ఏళ్ళ లోపు జూనియర్స్‌కి తక్కువ బరువు పరిమితి, సీనియర్ మగవాళ్ళకి 85 కిలోల వరకూ. జూనియర్‌లో 66 కిలోలతో రాజాలాగ ఆడిన కార్నర్ మీదికి సీనియర్‌లో 84 కిలోల రైడర్ వస్తాడు. ఆ తేడాకి ఒళ్ళు సిద్ధంగా ఉందా అని మనం ఎక్కడ చూస్తున్నాం? పోర్టు ఇండోర్ స్టేడియంలో తెలుగు టైటాన్స్ మ్యాచ్ చూసి వచ్చిన ప్రతి పిల్లాడూ మర్నాడే రైడర్ చీలమండ పట్టి ఆపే యాంకిల్ హోల్డుకి దూకేస్తున్నాడు, దూకడం తప్పు కాదు, వాడి మోకాలు దానికి ఆగుతుందా అని చూసేవాడు లేకపోవడం తప్పు.

నా దగ్గర ఒక కుర్రాడుండేవాడు, పెందుర్తి వైపు నుంచి బస్సులో వచ్చేవాడు, రైట్ కార్నర్, మంచి తెగువ. సెలక్షన్లో వాడు ఎగిరి దిగిన ప్రతిసారీ కుడి మోకాలు లోపలికి పడేది, నా కళ్ళతో చూసేను, ఆడుతూ ఆడుతూ అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. రెండో మ్యాచ్‌లో బరువైన రైడర్ని డ్యాష్ కొట్టబోయి కాలు నేలకి పాతుకుపోయి ఒళ్ళు మాత్రం తిరిగింది, టప్ మని చప్పుడు నాకు బెంచి దగ్గరికి వినిపించింది. ఏసీఎల్, అంటే మోకాలిని లోపల పట్టి ఉంచే లిగమెంటు, తెగిపోయింది. వాళ్ళ నాన్న ఆటో తోలేవాడు, ఆపరేషన్ అని చెప్పేసరికి ఆయన మొహం చూడలేకపోయేను. వాడు మళ్ళీ మ్యాట్ ఎక్కలేదు. ఆ తప్పు నాది. బెంచీ మీంచి ఒంటికాలి మీద దింపి మోకాలు ఎటు పోతుందో చూసి, మూడు నెలలు పిరుదుల బలానికీ తొడల బలానికీ ఎక్సర్‌సైజులు చేయించి అప్పుడు దింపి ఉంటే ఆ ప్రమాదం చాలావరకు తగ్గేది.

ఇంకోటి దమ్ము సంగతి. నేను కుర్రాళ్ళందరినీ తెల్లారగట్ల ఆర్కే బీచ్ నుంచి తెన్నేటి పార్క్ దాకా పరిగెత్తించేవాణ్ణి, ఎవడు ముందొస్తే వాడికి స్టామినా ఉన్నట్టు లెక్క. అక్కడ లైన్‌మన్‌ని అలా మైళ్ళకి మైళ్ళు పరిగెత్తించరు. వాడి ఆటలో ఒక ఎత్తు మొదలైతే ఐదారు సెకన్లలో అయిపోతుంది, నలభై సెకన్ల లోపు మళ్ళీ వరసలో నిలబడాలి, అలా మ్యాచ్ అంతా. అందుకని పరీక్ష కూడా అలాగే ఉంటుంది, కొద్ది సెకన్లు పూర్తి బలంతో తొయ్యడం, కాస్త ఆగడం, మళ్ళీ తొయ్యడం, పదోసారి తోపు మొదటిసారి తోపులా ఉందా లేదా చూడ్డం. మన కబడ్డీలో రైడు 30 సెకన్లు. డిఫెండరు ఆ 30 సెకన్లు కాళ్ళు వంచి చేతులు కలిపి గొలుసులో కదులుతూ ఉండాలి, ఒక్క సెకనులో పట్టెయ్యాలి, పట్టేక నాలుగైదు సెకన్లు ప్రాణం పెట్టి వదలకుండా లాగాలి. దీనికి బీచ్ పరుగు కొలబద్ద ఎలా అవుద్ది? 30 సెకన్లు స్టాన్స్‌లో పక్కలకి కదలడం, ఆపైన సాటివాణ్ణి గీత దాటకుండా ఐదు సెకన్లు పట్టి ఉంచడం, మళ్ళీ 30 సెకన్లు, అలా పదిసార్లు చేయించి ఎన్నోసారికి నడుం లేచిపోతుందో రాసుకోండి, ఆ కుర్రాడు సెకండ్ హాఫ్‌లో ఎప్పుడు దొరికిపోతాడో మీకు ముందే తెలిసిపోద్ది.

అమ్మానాన్నలకి ఒక మాట. కొంతమంది మా వాణ్ణి మూడు నెలల్లో పది కిలోలు పెంచేస్తామన్నారండి అని జిమ్ముకి పంపుతున్నారు, డబ్బాల కొద్దీ పౌడర్లు తాగిస్తున్నారు. పెరిగిన బరువు మంచిదా కాదా తెలుసుకోడానికి సులువైన దారి ఉంది. బరువుతోపాటు నడుం చుట్టుకొలత, మొదటి పది గజాల టైము, నిలబడి దూకే దూరం ఈ మూడూ నెలకోసారి రాసుకోండి. బరువు పెరిగినా టైము, దూకే దూరం అలాగే ఉన్నాయా, మెరుగుపడ్డాయా, అది కండ. నడుం పెరిగి బెల్టు ఒక రంధ్రం వదులు చెయ్యాల్సొచ్చి పరుగు మందగించిందా, వాడు రోజూ ఒక బియ్యం మూట మోస్తూ ఆడుతున్నట్టే. శ్రీకాకుళంలో స్టేడియానికి కోడి రామ్మూర్తి గారి పేరు పెట్టుకున్నాం, బలం అంటే ఏటో ఈ ప్రాంతం వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు, కానీ బలం వేరు బరువు వేరు.

దీనికి తిరగబడ్డ సంగతి బరువు దించడం. తూకంలో పరిమితి లోపు ఉండడం కోసం మన కుర్రాళ్ళు పడే పాట్లు నేను ఎన్నిసార్లు చూసేనో. ఒకసారి మే నెలలో, ఊరి పేరూ టోర్నమెంటు పేరూ వద్దులెండి, ఒక కుర్రాడు రెయిన్‌కోటు వేసుకుని గొంతు దాకా జిప్పు పెట్టుకుని గ్రౌండు చుట్టూ పరిగెడుతున్నాడు. ముందు రోజు మధ్యాహ్నం నుంచి నీళ్ళు తాగలేదు. చేతిలో ఖాళీ సీసా, పరిగెడుతూ అందులో ఉమ్ముతున్నాడు, పెదాలు తెల్లగా పొట్టు లేచిపోయి ఉన్నాయి. తూకం సరిపోయింది, అందరూ చప్పట్లు కొట్టేరు. గంటన్నర తర్వాత మ్యాట్ మీద రెండు పిక్కలూ పట్టేసి, మాట తడబడి పడిపోయేడు. దేవుడి దయ, సెలైన్ ఎక్కించేక కోలుకున్నాడు. మన విశాఖ ఉక్కలో చెమట కారుద్ది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, ఇలాంటి ఊళ్ళో రెయిన్‌కోటు వేసుకుని పరిగెత్తడం అంటే ప్రాణంతో ఆడుకోవడమే.

అమెరికాలో 2001 ఆగస్టు 1న కోరీ స్ట్రింగర్ అని పెద్ద లీగ్ లైన్‌మన్, దేశంలోనే పేరున్న ఆటగాడు, ఎండలో ప్రాక్టీసు చేసి వడదెబ్బతో చనిపోయేడు. 335 పౌండ్ల మనిషి, అంటే 152 కిలోలు. ఒళ్ళు ఎంత పెద్దదైతే లోపల వేడి అంత పుడుతుంది, బయటికి పోవడం అంత కష్టం, అందుకే ఆ ఆటలో వడదెబ్బ ఎక్కువగా తగిలేది లైన్‌మన్లకే. ఆయన పేరు మీద ఇప్పుడు కనెక్టికట్ యూనివర్సిటీలో ఒక సంస్థే ఉంది, ఇదే పని మీద. మా మనవడి స్కూల్లో ఆగస్టులో ప్రాక్టీసు మొదలైతే తొలి రోజుల్లో హెల్మెట్టు తప్ప ఒంటి మీద కవచాలు వెయ్యనివ్వరు, ఒళ్ళు ఎండకి అలవాటు పడ్డాకే ఒక్కొక్కటీ వేస్తారు. గ్రౌండు పక్కన ఐసు నీళ్ళ తొట్టి ఉంటుంది, వడదెబ్బ తగిలితే ముందు అందులో ముంచి చల్లబరిచి అప్పుడు ఆస్పత్రికి పంపుతారు. మనం కనీసం నీళ్ళ డ్రమ్ము, నాలుగు ఐసు దిమ్మలు, ఆ చల్లనీళ్ళలో తడిపి కప్పడానికి రెండు దుప్పట్లు పెట్టుకోలేమా?

ఇప్పుడు రాసేది పాడేరు, అరకు, చింతపల్లి వైపు నుంచి వచ్చే పిల్లల కోసం. అక్కడి నుంచి వచ్చే కుర్రాళ్ళు కబడ్డీకి పుట్టినట్టుంటారు, కొండలెక్కిన కాళ్ళు. కానీ ఆ ప్రాంతాల్లో సికిల్ సెల్ అని, అమ్మానాన్నల నుంచి పిల్లలకి వచ్చే రక్తం జబ్బు ఉంది. జబ్బు లేకపోయినా, తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క జన్యువు వచ్చిన పిల్లలుంటారు, వాళ్ళని ట్రెయిట్ ఉన్నవాళ్ళు అంటారు, మామూలు రోజుల్లో వాళ్ళకి ఏమీ తెలీదు. ఎండలో, నీళ్ళు లేకుండా, ఆగకుండా ఒళ్ళు విరగదీసుకునేలా పరిగెత్తిస్తే మాత్రం కొందరు కుప్పకూలిపోతారు. హ్యూస్టన్‌లోనే రైస్ యూనివర్సిటీలో 2006లో డేల్ లాయిడ్ అని 19 ఏళ్ళ ఫుట్‌బాల్ కుర్రాడు అలాగే వర్కవుట్‌లో పడిపోయి మర్నాడు చనిపోయేడు, ట్రెయిట్ ఉందని ఎవరికీ తెలీదు. వాళ్ళ అమ్మానాన్న కేసు వేసి పట్టుబట్టేరు, 2010 నుంచి అక్కడ పెద్ద కాలేజీల్లో చేరే ఆటగాళ్ళకి ఈ పరీక్ష తప్పనిసరి అయింది. ట్రెయిట్ ఉందని తెలిస్తే ఆట మాన్పించరు, ఆ మాట గట్టిగా చెబుతున్నాను. మెల్లగా మొదలుపెట్టి పెంచుతారు, మధ్యలో విశ్రాంతి ఇస్తారు, కాళ్ళలో సత్తువ లేదు అంటే బద్ధకం అనకుండా వెంటనే ఆపేస్తారు. మన దేశంలో 2023 జులై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది, గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్ళ లోపు వాళ్ళకి పరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. పిల్లాడు ఆధార్ జెరాక్సుతోపాటు ఆ కార్డు కూడా పీడీకి ఒక్కడికే చూపిస్తే, పీడీ అది తన కడుపులో దాచుకుంటే, ఒక ప్రాణం మిగులుద్ది.

గుండె సంగతి కూడా అంతే. మా మనవడి మెడికల్ ఫారంలో అడిగిన ప్రశ్నలు చదివేను. ఆడుతుండగా ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడ్డావా, ఛాతీలో నొప్పి వచ్చిందా, మీ ఇంట్లో ఎవరైనా 50 ఏళ్ళ లోపు ఉన్నట్టుండి చనిపోయేరా. ఈ మూడు ప్రశ్నలు అడగడానికి డాక్టరు కూడా అక్కర్లేదు, పీఈటీ అడగొచ్చు, ఒక్కదానికి అవునన్నా కేజీహెచ్ లాంటి పెద్దాస్పత్రికి పంపించి ఈసీజీ తీయించి డాక్టరు సరే అన్నాకే ఆడించాలి.

అందుకని సెలక్షన్స్ పెట్టే పెద్దలకి నా మనవి ఒక్కటే. ఆడించే రోజుకి ముందు ఒక రోజు ఒళ్ళు చూడ్డానికి కేటాయించండి. ఆ రోజు తేలినదాన్ని బట్టి కుర్రాణ్ణి తీసెయ్యకండి, తీసుకుని ఆర్నెల్లు కూర్చోబెట్టి తయారుచెయ్యండి, టీములో చోటు ఉంచే కూర్చోబెట్టండి, ట్రాక్‌సూట్ కూడా ఇవ్వండి, లేకపోతే వాడు ఆట మానేసి పనిలోకి పోతాడు. మా మనవడు ఆ క్యాంపు నుంచి రోజూ గోడకి ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలు గోడకి తగిలించే ఎక్సర్‌సైజు చేస్తున్నాడు, కాలికీ గోడకీ మధ్య దూరం వారానికోసారి కొలిచి నాకు వాట్సాప్‌లో పంపుతాడు. మొదట్లో నాలుగు వేళ్ళ దూరం దాటేది కాదు, ఇప్పుడు దాన్ని బాగా దాటింది. కర్ర పట్టుకుని దిగితే మడమలు నేలకే ఉంటున్నాయి.

ఆదివారాలు పొద్దున్న నేను యూనివర్సిటీ గ్రౌండు వైపు నడకకి వస్తాను. టేపు, స్టాప్‌వాచ్, కర్ర నా దగ్గరున్నాయి, డబ్బులేమీ వద్దు. ఏ కాలేజీ పీడీ గారు పిలిచినా వచ్చి వాళ్ళ పిల్లల్ని చూస్తాను, రాసుకోడానికి ఒక నోటు పుస్తకం, చేతిరాత బాగున్న కుర్రాణ్ణి ఒకణ్ణి ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజికల్ డైరెక్టర్,
మర్రిపాలెం, విశాఖపట్నం